చికిత్స ఆగిన చోట మొదలయ్యే పని: లో విజన్ ఉన్నవారికి, వాళ్ళింట్లోవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

"ఇంక ఆపరేషన్‌తో గానీ మందులతో గానీ చూపు పెరగదు" అని డాక్టర్ చెప్పిన రోజున చాలా కుటుంబాలు రిపోర్టుల ఫైలును బీరువాలో పెట్టేసి ఊరుకుంటాయి. ఆ మాటకు అర్థం చికిత్సతో చూపు పెరగదని మాత్రమే. మిగిలిన చూపుతో చదువుకోవడం, వండుకోవడం, బస్సెక్కడం, ఉద్యోగం చేసుకోవడం ఎలాగో నేర్పే విభాగం ఒకటి వేరే ఉంది. దాన్ని లో విజన్ రిహాబిలిటేషన్ అంటారు. ఆ విభాగం ఉందని తెలియకే ఏళ్ళ తరబడి గదిలో ఓ మూల కూర్చుండిపోతున్నవాళ్ళు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసం, వాళ్ళను చూసుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందు లో విజన్ అంటే ఎంత చూపో తెలుసుకుందాం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, బాగున్న కంటికి సరైన కళ్ళజోడు పెట్టాక కూడా చూపు 6/18కి మించకుండా 3/60 వరకు ఉంటే లో విజన్. 6/18 అంటే మామూలు చూపున్న మనిషి 18 మీటర్ల దూరం నుంచి చదివే అక్షరాన్ని ఈయన 6 మీటర్ల దగ్గరికి వస్తేగానీ చదవలేరు. చూపు విస్తీర్ణం, అంటే కన్ను కదపకుండా ఎంత మేర కనిపిస్తుందన్నది, 40 డిగ్రీల కన్నా తగ్గి 10 డిగ్రీల వరకు ఉన్నా అదీ లో విజన్ కిందికే వస్తుంది. 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి చేసిన సర్వేలో వందమందిలో ఒకరికి కాస్త పైగానే ఈ స్థితిలో ఉన్నట్టు తేలింది. కారణాల్లో రెటీనా (కంటి వెనక బొమ్మ పడే పొర) జబ్బులది మొదటి స్థానం. చిన్నప్పుడే పట్టించుకోక బలహీనపడిన కన్ను, అంటే లేజీ ఐ, ఆ తర్వాత వస్తుంది.

మొదటి అడుగు: సరైన చోటికి, సరైన కాగితాలతో

మామూలు కంటి పరీక్షకు వెళ్తే లో విజన్ విభాగానికి వాళ్ళే పంపిస్తారని ఎదురుచూడకండి. "నన్ను లో విజన్ క్లినిక్‌కి రిఫర్ చేయండి" అని మీరే అడగండి. ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రికి హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో పెద్ద కేంద్రాలున్నాయి. తమిళనాడుకు దగ్గరగా ఉండేవాళ్ళకు చెన్నైలోని శంకర నేత్రాలయ, మదురైలోని అరవింద్ ఆసుపత్రి ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో దృష్టి లోపం ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. దాని ప్రధాన కార్యాలయం డెహ్రాడూన్‌లో.

వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులు, ఇప్పటిదాకా వాడిన కళ్ళజోళ్ళు అన్నీ, పనికిరావని పక్కన పడేసినవి కూడా, పట్టుకెళ్ళండి. వాటితోపాటు మీరు నిజంగా చదవాలనుకుంటున్నవి తీసుకెళ్ళండి: బ్యాంకు పాస్‌బుక్కో, పంచాంగమో, మనవరాలి పెళ్ళిపత్రికో, పదో తరగతి లెక్కల పుస్తకమో. ఇంట్లో రోజూ దగ్గరుండే మనిషిని వెంట తీసుకెళ్ళండి. కారున్న బంధువు కన్నా ఆ మనిషే ముఖ్యం, ఎందుకంటే అక్కడ నేర్పేది ఇంటికొచ్చాక అమలు చేయాల్సింది వాళ్ళే.

ఇంటి దగ్గరే ఒక కాగితం మీద ఏమేం చేయలేకపోతున్నారో రాసుకోండి. "సరిగ్గా కనపడటం లేదు" అని రాస్తే లాభం లేదు. "బస్సు బోర్డు చదవలేకపోతున్నా", "బియ్యంలో రాళ్ళు ఏరలేకపోతున్నా", "ఎదురొచ్చిన మనిషి ముఖం గుర్తుపట్టలేకపోతున్నా", "సాయంత్రమైతే వీధిలోకి వెళ్ళాలంటే భయం" అని విడివిడిగా రాయండి. పేపర్ చదివించే అద్దం బస్సు బోర్డు చూపించదు. బోర్డు చూపించే చిన్న టెలిస్కోప్‌తో కూర వండలేరు. ఒక్కో పనికి ఒక్కో దారి. అన్నీ చేసిపెట్టే ఒక్క కళ్ళజోడు కోసం ఊళ్ళు తిరిగేవాళ్ళు చివరికి డబ్బు, ఓపిక రెండూ పోగొట్టుకుంటారు.

రెండో అడుగు: చూపు ఎక్కడ పోయిందో తెలుసుకోవడం

దీన్ని చాలామంది దాటేస్తారు. ఇద్దరికీ 6/60 చూపే ఉండొచ్చు, ఇద్దరి కష్టాలూ వేరు. వయసుతో వచ్చే మాక్యులా (రెటీనా నడిమధ్య భాగం) జబ్బు, చిన్న వయసులోనే ఆ భాగాన్ని దెబ్బతీసే స్టార్‌గార్ట్ జబ్బు ఉన్నవాళ్ళకు చూపు నడిమధ్యలో పోతుంది. అక్షరాలు, ముఖాలు కనపడవు గానీ గదిలో తిరగడానికి ఇబ్బంది ఉండదు. రెటినైటిస్ పిగ్మెంటోసా (రెటీనా మెల్లగా పాడయ్యే వంశపారంపర్య జబ్బు), ముదిరిన గ్లకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ఉన్నవాళ్ళకు చుట్టూ ఉన్న చూపు పోయి మధ్యలో సన్నటి గొట్టంలాంటి చూపు మిగులుతుంది. వాళ్ళు సూదిలో దారం ఎక్కించగలరు, పక్కనున్న స్టూలును మాత్రం తన్నుకుని పడతారు. రెటినైటిస్ పిగ్మెంటోసా అయితే చాలామందిలో రేచీకటితోనే మొదలవుతుంది. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్ళకు మధ్యమధ్యలో మచ్చలు, ఒకరోజు మెరుగు ఒకరోజు మసక. అల్బినిజం, అంటే పుట్టుకతోనే ఒంట్లో, కంట్లో రంగు తక్కువగా ఉన్నవాళ్ళకు వెలుతురే శత్రువు.

ఇంట్లో గొడవలు కూడా ఇక్కడే పుడతాయి. "నేలమీద పడ్డ గుండుపిన్ను కనపడింది గానీ ఎదురుగా ఉన్న బకెట్ కనపడలేదా? నటిస్తున్నావు" అంటారు. గొట్టం చూపు ఉన్నవాళ్ళకు సరిగ్గా అలాగే ఉంటుంది. వాళ్ళు నటించడం లేదు. ఏ భాగం పోయిందో డాక్టరుని బొమ్మ గీసి చూపించమని అడిగి, ఆ బొమ్మను ఇంట్లో అందరికీ చూపించండి.

మూడో అడుగు: ముందు కళ్ళజోడు, తర్వాత వెలుతురు, ఆ తర్వాతే అద్దాలు

భూతద్దం కొనడానికి పరిగెత్తే ముందు పవర్ పరీక్ష మళ్ళీ జాగ్రత్తగా చేయించాలి. రెటీనా దెబ్బతిందని తెలిశాక కళ్ళజోడు పవర్ చూడటమే మానేస్తారు. పక్కన శుక్లం కూడా పెరుగుతూ ఉండొచ్చు. ఆ రెండూ సరిచేస్తే చార్టులో ఇంకో రెండు మూడు వరుసలు కిందివరకు చదవగలిగేవాళ్ళున్నారు.

తర్వాత వెలుతురు. దీనికి ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. మన ఇళ్ళలో గది మధ్యలో పైన ఒక ట్యూబ్‌లైట్ ఉంటుంది. పుస్తకం మీదికి వంగితే మన తల నీడే దాని మీద పడుతుంది. దానికి బదులు మెడ వంగే టేబుల్ ల్యాంపు ఒకటి కొని, బాగా కనిపించే కంటి వైపు, భుజానికి కాస్త ముందుగా, బల్బు కంట్లో పడకుండా, వెలుతురు కాగితం మీదే పడేలా పెట్టండి. దీపాన్ని సగం దూరానికి దగ్గర చేస్తే కాగితం మీద వెలుతురు దాదాపు నాలుగు రెట్లవుతుంది. కాబట్టి వాట్లు పెంచడం కన్నా ల్యాంపును దగ్గరికి లాగడం మేలు. రాసేటప్పుడు కుడిచేతి వాటం వాళ్ళకు ఎడమ వైపు నుంచి వెలుతురు రావాలి.

కంట్లోకి కొట్టే వెలుతురు మాత్రం చూపును చెడగొడుతుంది. కిటికీకి ఎదురుగా కూర్చోకండి, దానికి వీపు పెట్టో పక్కకు తిరిగో కూర్చోండి. నిగనిగలాడే తెల్ల టైల్స్ మీద ఎండ పడితే కర్టెన్ వేయండి. బయటికి వెళ్ళేటప్పుడు అంచున్న టోపీ పెట్టుకుంటే సగం బాధ తగ్గుతుంది. పసుపు, తేనె రంగు ఫిల్టర్ అద్దాలు కొందరికి ఎంతో తేడా తెస్తాయి. ఏ రంగు అన్నది క్లినిక్‌లో, వీలైతే ఆరుబయట ఎండలో పెట్టుకు చూసి ఎంచుకోవాలి. బజారులో దొరికే కారునల్ల గాగుల్స్ ఇంట్లో కూడా పెట్టుకు తిరిగితే ఉన్న చూపు కూడా ఆనదు.

ఇంట్లో రంగుల తేడా

చూపు తగ్గినవాళ్ళకు అంచులు తెలియాలి. తెల్ల గోడ మీద తెల్ల స్విచ్‌బోర్డు, తెల్ల టైల్స్ మీద తెల్ల కమోడ్, స్టీలు కంచంలో పెరుగన్నం, ఇవన్నీ వాళ్ళకు కలిసిపోతాయి. అరిటాకులో తెల్లన్నం ఎంత స్పష్టంగా కనిపిస్తుందో గమనించండి. ఆ ఆకుపచ్చ నేపథ్యమే రోజూ కావాలి. అన్నానికి ముదురు రంగు కంచం, కాఫీకి తెల్ల కప్పు, పాలకు ముదురు రంగు గ్లాసు వాడండి. బియ్యం, మినప్పప్పు నల్ల గుడ్డ మీద పరిచి ఏరండి. ఉల్లిపాయ ముదురు రంగు చెక్క మీద తరగండి.

మెట్ల అంచులకు పసుపు రంగు టేపు గానీ రేడియం స్టిక్కర్ గానీ అంటించండి, మొదటి మెట్టుకు, చివరి మెట్టుకు తప్పనిసరిగా. గడపకు పసుపు రాసే ఇళ్ళలో ఆ పని సగం అయిపోయినట్టే, అక్కడ కాస్త మందంగా పసుపు ఎనామిల్ పెయింట్ వేస్తే రోజూ నిలుస్తుంది. స్విచ్‌బోర్డు చుట్టూ రంగు టేపు. స్నానాల గదిలో నేలకు, బకెట్‌కు, చెంబుకు మూడు వేర్వేరు రంగులు. జారని చాప, గోడకు పట్టుకునే కడ్డీ. తలుపులు పూర్తిగా తీసి ఉంచండి లేదా పూర్తిగా మూయండి. సగం తీసిన తలుపు అంచు నుదుటికి తగిలేది ఇలాంటి ఇళ్ళలోనే. అన్నిటికన్నా ముఖ్యం, వస్తువులు చెప్పకుండా జరపకండి. శుభ్రం చేసే ఉత్సాహంలో కుర్చీ స్థలం మార్చితే ఆ మనిషి కట్టుకున్న నమ్మకం కూలిపోతుంది.

నాలుగో అడుగు: చదవడం

అద్దాల పవర్ గురించి కాస్త లెక్క తెలిస్తే మోసపోరు. దూరపు చూపును తిరగేసి భాగిస్తే చదవడానికి మొదట ప్రయత్నించాల్సిన పవర్ సుమారుగా తెలుస్తుంది. 6/60 ఉంటే 60ని 6తో భాగించగా 10, అంటే 10 డయాప్టర్ల (అద్దం పవర్‌కు కొలత) నుంచి మొదలుపెడతారు. ఇక 100ని ఆ పవర్‌తో భాగిస్తే ఎన్ని సెంటీమీటర్ల దూరంలో పెట్టి చదవాలో వస్తుంది. 10 డయాప్టర్లకు 10 సెంటీమీటర్లు, 20కి 5 సెంటీమీటర్లు. ఎక్కువ పవర్ కళ్ళజోడు ఇస్తే పుస్తకం ముక్కు దగ్గరికి తెచ్చుకోవాల్సిందే. మామూలుగా ఒళ్ళో పెట్టుకుని చూసి "ఈ కళ్ళజోడు పనికిరాదు" అని తిప్పి పంపేవాళ్ళే ఎక్కువ. తప్పు అద్దానిది కాదు, దూరానిది. దగ్గరగా పెట్టి చదివితే కన్ను పాడవుతుందన్న భయమూ అక్కర్లేదు, పాడవదు.

ఫ్యాన్సీ షాపులో దొరికే పెద్ద గుండ్రటి భూతద్దం చూడటానికి బాగుంటుంది, దాని పవర్ మాత్రం తక్కువ. పవర్ పెరిగేకొద్దీ అద్దం చిన్నదవుతుంది. చిన్న అద్దం ఇచ్చారని నిరుత్సాహపడకండి, దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుంటే ఎక్కువ అక్షరాలు ఒకేసారి కనిపిస్తాయి. చేతులు వణికేవాళ్ళకు కాగితం మీద నిలబెట్టే స్టాండ్ భూతద్దం మంచిది. దాన్ని దగ్గరి చూపు కళ్ళజోడు పెట్టుకునే వాడాలి. చేత్తో పట్టుకునే భూతద్దాన్ని దూరపు చూపు కళ్ళజోడుతో వాడాలి. ఈ తేడా చెప్పకుండా అమ్మేసే దుకాణాలే ఎక్కువ. గొట్టం చూపు ఉన్నవాళ్ళకు అతిగా పెద్దది చేస్తే ఒక్క అక్షరమే ఆ గొట్టం నిండా నిండిపోతుంది. వాళ్ళకు వెలుతురే ఎక్కువ మేలు చేస్తుంది.

నల్ల చార్టు కాగితంతో చదువు పట్టీ ఇంట్లోనే చేసుకోవచ్చు. పోస్టుకార్డంత ముక్క కత్తిరించి, మధ్యలో పొడవాటి సందు కోయండి. పేజీ మీద పెడితే ఒక్క లైనే కనిపిస్తుంది, చుట్టూ తెల్ల కాగితం మెరుపు ఉండదు, లైను తప్పిపోరు. ఇంగ్లీషు పుస్తకాల కోసం చెప్పిన కొలతలతో కోస్తే మాత్రం తెలుగుకు పనికిరాదు. పైన గుడి, కింద ఒత్తు రెండూ పూర్తిగా పడేంత వెడల్పు సందు ఉండాలి. ఒత్తు తెగిపోతే "అమ్మ" కాస్తా "అమ" అవుతుంది.

తెలుగు అక్షరాల్లో ద-ధ, ప-ఫ లాంటి జంటలకు తేడా చిన్న గీతే. అందుకే కేవలం సైజు పెంచితే చాలదు. ఇంటి దగ్గర ప్రింట్ తీస్తే 18 పాయింట్లకు తగ్గకుండా, బోల్డ్‌లో, గీతలన్నీ ఒకే మందం ఉన్న సాదా ఫాంటులో తీయండి. లైన్ల మధ్య ఖాళీ పెంచండి, లేకపోతే పై లైను ఒత్తులు కింది లైను గుడులతో కలిసిపోతాయి. జిరాక్స్ షాపులో ఎ4 పేజీని ఎ3కి పెంచితే పెరిగేది 1.4 రెట్లే. చాలామందికి అది సరిపోదు.

పక్క చూపుతో చూడటం నేర్చుకోవడం

నడిమధ్య చూపు పోయినవాళ్ళకు దీన్ని మించిన సాధన లేదు, మన దగ్గర దీని గురించి చెప్పేవాళ్ళే తక్కువ. రెటీనా మధ్యభాగం దెబ్బతిన్నా దాని చుట్టూ ఉన్న భాగం పనిచేస్తూ ఉంటుంది. ఆ భాగంలో మెరుగైన చోటు వెతికి, అక్కడి నుంచి చూడటం అలవాటు చేసుకోవాలి.

ఒక తెల్ల కాగితం మీద పెద్ద గడియారం ముఖం గీసి, మధ్యలో ఒక పెద్ద అక్షరం రాయండి. గోడకు అంటించి, చేయి చాచినంత దూరంలో కూర్చుని, బలహీనమైన కన్ను మూయండి. మధ్య అక్షరం మీదికి సూటిగా చూస్తే అది మాయమవుతుంది, లేదా చెదిరిపోతుంది. ఇప్పుడు చూపును 12 మీదికి తీసుకెళ్ళండి. తల కదపకండి. మధ్య అక్షరం ఏమైనా తేటపడిందా? తర్వాత 1, 2, 3 అంటూ గడియారం చుట్టూ తిరగండి. ఏ అంకె వైపు చూసినప్పుడు మధ్య అక్షరం బాగా కనిపిస్తుందో అదే మీ దిక్కు. 12 వైపు చూస్తే బాగుందంటే, దేన్ని చూడాలన్నా దానికి కాస్త పైకి చూడాలి.

రోజుకు రెండు మూడుసార్లు, ఒక్కోసారి పది పదిహేను నిమిషాలు చాలు. మొదట పెద్ద అక్షరాలు, తర్వాత రెండక్షరాల మాటలు, ఆ తర్వాత పేపర్ హెడ్డింగులు. చదివేటప్పుడు కన్నును ఆ దిక్కులోనే నిలిపి ఉంచి, కాగితాన్ని కుడి నుంచి ఎడమకు మెల్లగా జరపండి. కన్ను పరిగెత్తితే దిక్కు తప్పిపోతుంది. మొదటి వారాల్లో తలనొప్పి, విసుగు వస్తాయి, అది మామూలే. ఇంట్లోవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఇది నేర్చుకున్న మనిషి మీతో మాట్లాడుతూ మీ నుదుటి వైపో చెవి వైపో చూస్తారు. మిమ్మల్ని చూడటానికే అలా చూస్తున్నారు. "ఇటు చూసి మాట్లాడు" అనకండి.

గొట్టం చూపు ఉన్నవాళ్ళ సాధన వేరు. గదిలోకి అడుగు పెట్టగానే ఆగి, ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి వరుస తప్పకుండా కళ్ళతో వెతకడం అలవాటు చేసుకోవాలి.

ఐదో అడుగు: ఫోన్

చేతిలో ఉన్న స్మార్ట్‌ఫోన్ చాలా ఖరీదైన పరికరాల పని చేసేస్తుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అన్న చోటికి వెళ్ళండి. ముందు అక్షరాల సైజు, బోల్డ్. అది చాలకపోతే తెరను పెద్దది చేసే మాగ్నిఫికేషన్. తెలుపు మెరుపు భరించలేకపోతే రంగులు తిరగేసే ఇన్వర్షన్, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వస్తాయి. ఆండ్రాయిడ్‌లో సెలెక్ట్ టు స్పీక్ పెట్టుకుంటే వేలు ఆనించిన వాక్యాన్ని తెలుగులో చదివి వినిపిస్తుంది. తెర మొత్తాన్ని చదివే టాక్‌బ్యాక్ ఆండ్రాయిడ్‌లో, వాయిస్‌ఓవర్ ఐఫోన్‌లో ఉంటాయి. టాక్‌బ్యాక్ వేయగానే ఫోన్ నడిచే తీరు మారిపోతుంది, ఒకసారి ముడితే చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. ఇది తెలియక టెన్షన్ పడి తీసేస్తారు. పెరిగే జబ్బు ఉన్నవాళ్ళు ఇంకా చూపు ఉండగానే టాక్‌బ్యాక్ నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఆ తర్వాత నేర్చుకోవడం రెట్టింపు కష్టం.

బస్సు బోర్డు, హోటల్ మెనూ, క్లాసులో బోర్డు ఫోటో తీసి వేళ్ళతో పెద్దది చేసి చూడొచ్చు. సీయింగ్ ఏఐ, లుక్‌అవుట్ యాప్‌లు కెమెరాకు ఎదురుగా ఉన్నదాన్ని మాటల్లో చెబుతాయి. బీ మై ఐస్‌లో వీడియో కాల్ ద్వారా ఎక్కడో ఉన్న వాలంటీర్ మీ కెమెరాలో చూసి సాయం చేస్తారు. ఓటీపీలు, బ్యాంకు కార్డులు మాత్రం ఆ కాల్స్‌లో చూపించకండి. కంప్యూటర్‌లో విండోస్ బటన్‌తోపాటు ప్లస్ నొక్కితే తెర పెద్దదవుతుంది. ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగును కూడా చదువుతుంది. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలు కూడా ఉన్నాయి. అచ్చు పుస్తకం చదవలేనివారు అందులో సభ్యులు కావచ్చు.

ఆరో అడుగు: వంటిల్లు, మందులు, డబ్బు

వంట మాన్పించడం ప్రేమ కాదు. ముప్ఫై ఏళ్ళు ఇల్లంతటికీ వండిపెట్టిన మనిషిని స్టవ్ దగ్గరికి రానివ్వకపోతే, కళ్ళతోపాటు ఆమె స్థానమూ పోతుంది. పద్ధతి మార్చితే చాలు. గ్యాస్ నాబ్ ఆఫ్ స్థానం దగ్గర చిన్న ఎమ్-సీల్ ముద్ద అంటిస్తే వేలికి తగులుతుంది. పోపు సన్నమంట మీద వేసి, ఆవాలు చిటపటలాడటాన్ని చెవితో, జీలకర్ర వేగడాన్ని ముక్కుతో పసిగట్టొచ్చు. ఇది ఆమెకు కొత్తగా నేర్పాల్సిన పని కూడా కాదు. చీర కొంగు దోపుకోవాలి, నూలు బట్టలే కట్టుకోవాలి. ఉప్పు డబ్బాకు రబ్బరు బ్యాండు, పంచదార వేరే ఆకారం డబ్బాలో. ఇండక్షన్ పొయ్యి తేలికనుకుని కొంటారు గానీ, నున్నటి గాజు మీద టచ్ బటన్ ఎక్కడుందో వేలికి తెలియదు. నొక్కితే తెలిసే బటన్లున్నదే తీసుకోండి.

మందుల విషయంలో రాజీ వద్దు. బీపీ, షుగర్ మాత్రలు ఒకేలా ఉంటాయి. పొద్దుటి మందు డబ్బాకు ఒక రబ్బరు బ్యాండు, రాత్రి మందుకు రెండు. లేదా వారానికి సరిపడా గదులున్న పెట్టెలో ఎవరైనా చూపున్నవాళ్ళు నింపిపెట్టాలి. ఇన్సులిన్ మోతాదు అంచనా మీద తీసుకోకూడదు. గీతలు కనపడకపోతే ప్రతిసారీ ఒకరు చూసి చెప్పాల్సిందే. షుగర్ ఉన్నవాళ్ళ పాదాలను ఇంట్లో ఒకరు రోజూ చూడాలి. స్పర్శ తగ్గిన కాలికి పుండు పడితే వాళ్ళకు నొప్పీ తెలియదు, కంటికీ ఆనదు.

నోట్లను పొడవుతో గుర్తుపట్టొచ్చు. కొత్త సిరీస్‌లో 100 రూపాయల నోటు 142 మిల్లీమీటర్లు, 200ది 146, 500ది 150. తేడా 4 మిల్లీమీటర్లే కాబట్టి, ఇంట్లో తీరిగ్గా వేరు చేసి ఒక్కోదాన్ని ఒక్కో రకంగా మడిచి పర్సులో పెట్టుకోవడం నయం. రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన మణి యాప్ కెమెరా ముందు నోటు పెడితే విలువ చెబుతుంది.

ఏడో అడుగు: బయట నడక

తెల్లకర్ర అనగానే "నేనేమన్నా గుడ్డివాడినా" అంటారు. తెల్లకర్ర పూర్తి అంధులకే అన్న నియమం ఎక్కడా లేదు. పక్కచూపు పోయినవాళ్ళకు, రేచీకటి ఉన్నవాళ్ళకు సాయంత్రం పూట అది గుంతలను, మెట్లను ముందే చెబుతుంది. అంతకన్నా ముఖ్యంగా ఎదురొచ్చే బైకువాడికి చెబుతుంది. మడిచి బ్యాగులో పెట్టుకునే కర్రలున్నాయి. వాడటం మాత్రం శిక్షకుల దగ్గర నేర్చుకోవాలి.

తోడు వచ్చేవాళ్ళు రెక్క పట్టుకుని లాక్కెళ్ళకూడదు. వాళ్ళే మీ మోచేయి పైభాగం పట్టుకుని, అరడుగు వెనక నడవాలి. మెట్లు వస్తే ఆగి "ఎక్కే మెట్లు", "దిగే మెట్లు" అని చెప్పండి. ఇక బండి నడపడం. తగ్గిన చూపుతో "మన ఊళ్ళోనేగా" అని బైకు తీసేవాళ్ళను ఆపాల్సిన బాధ్యత ఇంట్లోవాళ్ళది. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

పిల్లల సంగతి

పుట్టుకతో చూపు తక్కువున్న పిల్లకు తనకు తక్కువ కనపడుతోందని తెలియదు, లోకమంతా అలాగే చూస్తుందనుకుంటుంది. పుస్తకం ముక్కుకు ఆనించి చదివితే వీపు మీద కొట్టే టీచర్లున్నారు. పిల్లల కంటికి దగ్గర వస్తువును స్పష్టం చేసుకునే శక్తి ఎక్కువ. దగ్గరగా పెట్టుకోవడమే వాళ్ళకు దేవుడిచ్చిన భూతద్దం, పెట్టుకోనివ్వండి. మెడ నొప్పి రాకుండా ఏటవాలు బల్ల చేయించండి. పెన్సిల్‌కు బదులు ముదురు నల్ల ఇంకు పెన్ను, ముదురు గీతల నోటు పుస్తకం ఇవ్వండి. ముందు బెంచీ అందరికీ మంచిది కాదు, అల్బినిజం ఉన్న పిల్లను కిటికీకి దూరంగా కూర్చోబెట్టాలి. క్లాసులో కూడా టోపీ పెట్టుకోనివ్వాలి.

లో విజన్ ఉన్న పిల్లలందరినీ అంధుల పాఠశాలకు పంపాల్సిన అవసరం లేదు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, అక్కడ ఈ పిల్లలకు చెప్పే ఐఈఆర్‌టీ టీచర్లను కలవండి. ధ్రువీకరణ పత్రం ఉంటే పరీక్షల్లో రాసిపెట్టే సహాయకుడిని, గంటకు 20 నిమిషాల అదనపు సమయాన్ని అడగొచ్చు. పెరిగే జబ్బు ఉంటే అచ్చుతోపాటు బ్రెయిలీ కూడా ఇప్పుడే మొదలుపెట్టండి.

ఎనిమిదో అడుగు: సర్టిఫికెట్

40 శాతం వైకల్యం ఉంటే చట్టప్రకారం వచ్చే చాలా ప్రయోజనాలకు అర్హత వస్తుంది. మన రాష్ట్రాల్లో సదరం శిబిరాల పేరుతో అలవాటైన పరీక్ష ఇదే. దేశమంతటికీ చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు, యూడీఐడీకి స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. లెక్క కట్టేది కళ్ళజోడు పెట్టాక మిగిలిన చూపుతో. రెండు కళ్ళకూ 6/24 నుంచి 6/60 మధ్య ఉంటే 40 శాతం. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే 30 శాతమే, ఈ సంగతి తెలియక చాలామంది తిరిగి తిరిగి అలసిపోతారు. రెటినైటిస్ పిగ్మెంటోసా, గ్లకోమా ఉన్నవాళ్ళు ఫీల్డ్ టెస్ట్ (చూపు విస్తీర్ణం కొలిచే పరీక్ష) రిపోర్టు లేకుండా వెళ్ళకండి. చార్టు మీద 6/9 చదివినా, చూపు విస్తీర్ణం 10 డిగ్రీల కన్నా తగ్గితే చట్టం దృష్టిలో అది అంధత్వమే. రిపోర్టు లేకపోతే చార్టు చూసి పంపించేసే ప్రమాదం ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. తెలంగాణలో 2023లో 4,016కు పెంచారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగుల 4 శాతంలో 1 శాతం అంధత్వం, లో విజన్ ఉన్నవారికి.

లేనివి కనిపిస్తే

చూపు బాగా తగ్గిన కొందరికి గదిలో చిన్న చిన్న మనుషులు, పూల తీగలు, గోడ మీద గళ్ళ డిజైన్లు, ఎప్పుడూ చూడని ముఖాలు కనిపిస్తాయి. శబ్దం ఉండదు. అవి నిజం కావని చెబితే ఆ మనిషికి అర్థమవుతుంది. దీన్ని చార్లెస్ బోనే సిండ్రోమ్ అంటారు. 1760లో స్విట్జర్లాండ్‌కు చెందిన బోనే, చూపు తగ్గిన తన తాతకు ఇలా కనిపించడం గురించి రాశాడు. కంటి నుంచి సమాచారం తగ్గినప్పుడు మెదడు తనంతట తానే బొమ్మలు కల్పించుకుంటుంది. ఇది పిచ్చి కాదు, గాలి సోకడం కాదు. మతిపోయిందంటారేమోనన్న భయంతో పెద్దవాళ్ళు ఎవరికీ చెప్పుకోరు, కొన్ని ఇళ్ళలో తాయెత్తులు కడతారు. మీరే మెల్లగా అడగండి: "నీకేమైనా లేనివి కనిపిస్తున్నాయా అమ్మా?" అని. రెప్పలు గట్టిగా ఆర్పడం, గదిలో దీపం వేయడం, కళ్ళు అటూ ఇటూ తిప్పడం లాంటివాటితో చాలామందికి ఆ బొమ్మలు చెదిరిపోతాయి. మాటలు కూడా వినిపిస్తున్నా, అవి నిజమేనని నమ్ముతున్నా డాక్టరుకు చెప్పాలి.

చుట్టాలకు ఒక మనవి. ఇంటికి రాగానే "నేనెవరో చెప్పుకో చూద్దాం" అని అడగకండి. "ఇవి ఎన్ని వేళ్ళు?" అని ముఖం ముందు చేయి ఊపకండి. "పిన్నీ, నేను సరళను" అని పేరు చెప్పి పలకరించండి, వెళ్ళేటప్పుడు వెళ్తున్నానని చెప్పండి. ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ ఉండిపోయిన మనిషి పడే అవమానం చిన్నది కాదు. దిగులు రెండు మూడు వారాలు దాటినా, తిండి నిద్ర తగ్గినా కౌన్సిలింగ్‌కు తీసుకెళ్ళండి.

మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి

ఏడాదికి ఒకసారి లో విజన్ క్లినిక్‌కు వెళ్ళాలి. చూపు మారితే అద్దమూ మారాలి. ఇచ్చిన పరికరం వాడలేకపోతే బీరువాలో పడేయకుండా పట్టుకెళ్ళి, ఎందుకు కుదరడం లేదో చెప్పండి. రిహాబిలిటేషన్ మొదలైంది కదా అని జబ్బుకు చికిత్స ఆపకూడదు. గ్లకోమా చుక్కలు, రెటీనా ఇంజెక్షన్లు మిగిలిన చూపును కాపాడటానికే. స్టెమ్‌సెల్ ఇంజెక్షన్లతో రెటినైటిస్ పిగ్మెంటోసా నయం చేస్తామని లక్షలు అడిగేవాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకండి, ఆ చికిత్స ఇంకా రుజువు కాలేదు. ఉన్న చూపు కూడా పోయే ప్రమాదం ఉంది.

ఉన్నట్టుండి చూపు తగ్గినా, తలుపు అంచులాంటి తిన్నని గీతలు కొత్తగా వంకరగా కనిపించినా, తెర దిగినట్టున్నా, మెరుపులు వచ్చినా, కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్ళండి. వంశపారంపర్య రెటీనా జబ్బు ఉన్న ఇంట్లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు అందరూ ఒకసారి కళ్ళు చూపించుకోవాలి. మేనరికం చేసుకున్న కుటుంబమైతే, లేదా చేసుకోవాలనుకుంటున్నా, సంబంధం ఖాయం చేసుకోకముందే, జబ్బు పిల్లలకు వచ్చే అవకాశం ఎంతో చెప్పే జెనెటిక్ కౌన్సిలింగ్‌కు వెళ్ళండి.